లిబరేటర్ బాంబర్ చేస్తున్న అబ్బాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్‌లో నడపడానికి రెండో ప్రపంచ యుద్ధం నాటి బీ-24 లిబరేటర్ బాంబర్‌ను కంప్యూటర్‌లో తయారు చేస్తున్నానంటూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంటున్నాడు. ఎప్‌సెట్ దగ్గర పడుతోంది. వాడు గేమింగ్ డిగ్రీ అంటాడు, నేను సీఎస్ఈ అంటున్నాను, వాళ్ల మామయ్య ఏరోస్పేస్ అంటున్నాడు. మూడింటిలో ఏది మంచిది? ఈ పిచ్చి ఎలా మాన్పించాలి?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మూడు కోర్సుల పేర్లు రాశారు గానీ మీ బెంగ కోర్సు గురించి కాదు. పిల్లాడు చేజారిపోతున్నాడేమోనని. ఈ ఉత్తరం ఏటా వస్తుంది, అందులో ఆట పేరు ఒక్కటే మారుతుంది. మీ విషయంలో మాత్రం ఒక తేడా ఉంది. మీవాడు ఆడటం లేదు, తయారు చేస్తున్నాడు. ఒక్క రాత్రయినా పక్కన కుర్చీ వేసుకుని వాడేం చేస్తున్నాడో చూశారా? చూడకుండానే ‘పిచ్చి’ అని రాశారు. ముందు ఆ మాట మానండి.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. విమానం ఆకారాన్ని బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో మీటర్లలో గీస్తారు. అది ఎలా ఎగరాలో చెప్పే జేఎస్‌బీసిమ్ ఫైల్‌లో మాత్రం చక్రాలు, బరువుల స్థానాలు సాధారణంగా అంగుళాల్లో రాస్తారు. రెండింటి మూలబిందువు కలవకపోతే చక్రాలు రన్‌వేలో కూరుకుపోతాయి, లేదంటే గాల్లో తేలుతాయి. లిబరేటర్ నిండు బరువు 55,000 పౌన్లు అనుకోండి. అందులో పదో వంతు ముక్కు చక్రం మీద పడితే, మిగతా 49,500 పౌన్లను రెండు ప్రధాన చక్రాలు మోయాలి. అంటే ఒక్కోదాని మీద 24,750. ఆ బరువుకు చక్రం అర అడుగు అణగాలంటే స్ప్రింగ్ విలువ అడుగుకు 49,500 పౌన్లు ఉండాలి. మరీ ఎక్కువ వేస్తే విమానం రన్‌వే మీద పెట్టగానే వణికి ఎగిరిపడుతుంది. తక్కువైతే పొట్ట నేలకు ఆనుతుంది. ఊపును అణిచే డాంపింగ్ చాలకపోతే బంతిలా గెంతుతూనే ఉంటుంది. గరిమనాభి ప్రధాన చక్రాల వెనక్కి జరిగితే తోక మీద కూలబడుతుంది. ఇదంతా వాడి ఫిజిక్స్ పుస్తకంలోని టార్క్ పాఠమే.

ఇంజిన్ల సంగతి ఇంకా బాగుంటుంది. లిబరేటర్‌వి నాలుగు ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830 ఇంజిన్లు. ఒక్కోదానికి 14 సిలిండర్లు, 2,700 ఆర్‌పీఎం దగ్గర 1,200 హార్స్‌పవర్. అయితే ప్రొపెల్లర్ అంత వేగంగా తిరగదు, మధ్యలో 16:9 గేర్ ఉంటుంది, అంటే ఇంజిన్ 16 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ 9 చుట్లే తిరుగుతుంది. కొత్తగా చేసేవాళ్లు ప్రొపెల్లర్ ఫైల్‌లో ఆ గేర్ నిష్పత్తి మర్చిపోతారు. అప్పుడు 11 అడుగుల 7 అంగుళాల ప్రొపెల్లర్ మొన సెకనుకు సుమారు 1,640 అడుగుల వేగం అందుకుంటుంది. ధ్వని వేగమే దాదాపు 1,116 అడుగులు. అసలు విమానం తీరు రమ్మన్నా రాదు. గేర్ వేస్తే ప్రొపెల్లర్ 1,519 ఆర్‌పీఎంకు, మొన వేగం సెకనుకు 920 అడుగులకు దిగుతాయి. ఈ తప్పు ఎక్కడుందో సొంతంగా పట్టుకున్న పిల్లాడికి ఇంజినీరింగ్ వస్తుందా రాదా అని ఎవరూ బెంగపడక్కర్లేదు.

అందుకే కోర్సుల జాబితా పక్కన పెట్టి వాడి ఫోల్డర్ చూడండి. ఎక్కువ గంటలు ఎక్కడ పోతున్నాయి? రివెట్లు, రంగులు, మసి మరకల మీద పోతుంటే వాడిది త్రీడీ కళాకారుడి చెయ్యి. లిబరేటర్ ప్రధాన చక్రాలు బయటివైపుకు మడిచి రెక్కలోకి వెళ్తాయి, మడిచాక కూడా చక్రం కొంత బయటికి కనిపిస్తుంది. ఆ ఇరుసు కోణం కుదిరేదాకా పాత ఫొటోలు తిరగేస్తున్నాడంటే మెకానికల్ వైపో ఏరోస్పేస్ వైపో చూడొచ్చు. స్విచ్చులు పనిచేయించే కోడ్ దగ్గర గడుపుతుంటే మీ సీఎస్ఈకి కారణం దొరికినట్టే.

గేమింగ్ డిగ్రీ మీద నాకు అనుమానాలున్నాయి, దాచుకోను. చాలాచోట్ల సిలబస్ అంటే సాఫ్ట్‌వేర్ల పేర్ల వరుస. లెక్కలు, ప్రోగ్రామింగ్ నామమాత్రం. స్టూడియోలు సర్టిఫికెట్ కంటే ముందు పోర్ట్‌ఫోలియో, అంటే చేసి చూపించిన పనులు, చూస్తాయి, దాన్ని మీవాడు ఇప్పటికే ఇంట్లో కూర్చుని కడుతున్నాడు. మామూలు వస్తువుల మోడళ్లు, టెక్స్చర్లు చేసే తొలి మెట్టు ఉద్యోగాల్లోకి ఏఐ వచ్చేస్తోంది. అయినా చేరతానంటే ఫీజు కట్టేముందు మూడు అడగండి. డిగ్రీ ఇచ్చేది యూజీసీ గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయమేనా? మూడేళ్లలో గణితం, కోడింగ్ ఎన్ని క్రెడిట్లు? పోయిన బ్యాచ్ పిల్లలు చేసిన అసలు ఫైళ్లు తెరిచి చూపిస్తారా? మెరుగులు దిద్దిన వీడియో చూపించి పంపించేస్తే లేచి వచ్చేయండి.

మామయ్యగారికి కూడా ఒక మాట. ఏరోస్పేస్ చదివితే పైలట్ కారు. ఆ రంగంలో నేరుగా దొరికే ఉద్యోగాలు తక్కువ, చాలామంది చివరికి ఐటీలోనే తేలుతారు. సీఎస్ఈ గురించి మీకు నేను చెప్పేదేముంది. కానీ సిమ్యులేషన్ అనే పని ఈ మూడింటికీ మధ్యలో ఉంది. బెంగళూరులో డీఆర్‌డీవో వారి ఏడీఈ అనే పరిశోధనశాల ఫ్లైట్ సిమ్యులేటర్ల మీద పనిచేస్తుంది. హైదరాబాద్‌లో జెన్ టెక్నాలజీస్ సైన్యానికి శిక్షణ సిమ్యులేటర్లు చేస్తుంది. మీవాడు తిప్పలు పడుతున్న జేఎస్‌బీసిమ్‌నే అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2020లో ఏఐ యుద్ధ విమానాల పోటీకి వాడింది. మెకానికల్‌లో చేరి కోడింగ్ నేర్చినా, సీఎస్ఈలో చేరి విమానం ఎలా కదులుతుందో చెప్పే ఫ్లైట్ డైనమిక్స్ నేర్చినా అక్కడికి దారి ఉంది. దారులు మూసుకుపోయాయని కంగారు పడకండి.

ఇక రాత్రి ఒంటిగంట సంగతి. అది మాత్రం ఆగాలి, అందులో మీరన్నది నిజం. పూర్తిగా మాన్పిస్తే దొంగచాటుగా చేస్తాడు. పరీక్షలయ్యేదాకా రోజూ పడుకునే ముందు కాకుండా సాయంత్రం ఒక గంట, ఆదివారం మూడు గంటలు ఇవ్వండి. ఆ గంటల్లో పని ఒక్కటే ఉండాలి. ఇలాంటి మోడళ్లు ఆగిపోయేది కాక్‌పిట్‌తోనో రంగులతోనో మొదలుపెట్టడం వల్లే. ముందు రంగు లేని బూడిద ఆకారం చక్రాల మీద నిలబడాలి, తర్వాత ఎగరాలి, ఆ తర్వాతే రెక్కల వెనక కిందికి వంగే ఫ్లాప్‌లు, ఇంజిన్ అంకెలు. కాక్‌పిట్, రంగులు పరీక్షల తర్వాత. నెట్‌లో దొరికే, విమానాన్ని పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి చూపించే మూడు వైపుల బొమ్మల్ని కూడా గుడ్డిగా నమ్మొద్దని చెప్పండి. స్కాన్‌లో సాగి, పైనుంచి చూసిన పొడవుకీ పక్కనుంచి చూసిన పొడవుకీ పొంతన ఉండదు. 110 అడుగుల రెక్కల వెడల్పును కొలతగా పెట్టుకుని ప్రతి బొమ్మనూ సరిచూసుకోవాలి.

యుద్ధ విమానమేంటని మీకు ఇబ్బందిగా ఉంటే ఇదీ వినండి. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాళ్లు పాడుచేసి కాన్పూర్‌లో వదిలేసిన లిబరేటర్లను మన విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ బాగుచేసింది. 1948 నుంచి మన వాయుసేన వాటిని వాడి, 1968లో పక్కన పెట్టింది. అందులో ఒకటి, కేఎన్751, ఇప్పుడు బ్రిటన్‌లో అక్కడి వాయుసేన ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. దాని ఫొటోలు వాడికి ఏ బొమ్మకన్నా ఎక్కువ పనికొస్తాయి.

ఈ ఆదివారం వాడి పక్కన కూర్చుని, ముక్కు చక్రం మీద ఎంత బరువు పడుతోందో కాగితం మీద లెక్కగట్టి చూపించమనండి. ఆ కాగితం నాకు పంపండి. కోర్సు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.