ఇవ్వండి, కానీ సర్దకుండా ఇవ్వండి

వయసులో ఉన్నప్పుడు నగరం మీద తీసిన ఫొటోలు, రాసుకున్న నోట్‌బుక్కులు అటక మీద దొరికాయి, పాత ఫొటోలు, కాగితాలు భద్రపరిచే ఆర్కైవ్‌కి ఇస్తే తీసుకుంటారా అని మీరు అడిగారు. ఆ సంగతి వాళ్లే చెప్తారు. నేను చెప్పేది ఒక్కటే, సర్దకండి.

నేను సర్దాను. రిటైరయ్యాక ట్రంకు పెట్టె తెరిస్తే గుప్పున వెనిగర్ వాసన. నెగెటివ్‌లు, ప్రింట్లు, బస్సులో కూర్చుని గీసిన బొమ్మలు. రెండు రోజులు నేల మీద పరిచి వాన ఒక కుప్ప, రాత్రిళ్లు ఒక కుప్ప, ముఖాలు ఒక కుప్ప చేసి, గొప్పగా పట్టుకెళ్లాను. అక్కడి మేడమ్ ముందు వాసన చూసి కొన్ని కవర్లు దూరంగా పెట్టారు. ఎసిటేట్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ పాడైతే వచ్చే వాసనట, పక్క ఫిల్మ్‌కీ పాకుతుందట. ఆ తర్వాత, "ఇవి ముందు ఏ వరసలో ఉండేవండీ?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. నా వానతో ఆవిడకి పనిలేదు. ఏ సందులోంచి ఏ సందులోకి తిరిగానో అది కావాలి.

ఫిల్మ్ అంచున నంబర్లుంటాయి కాబట్టి బతికిపోయాను. మూడు మధ్యాహ్నాలు, కింద నుంచి వెలుతురు వచ్చే లైట్‌బాక్స్ మీద వంగి ఒక రోల్‌ని 1 నుంచి 36 దాకా మళ్లీ పేర్చాం. ముఖాల కుప్పలో నవ్వుతున్న ముసలాయన 11. వాన కుప్పలో గొడుగు కింద వీపు తిప్పి వెళ్లిపోతున్నాయన 12. ఇద్దరూ ఒకరే! తీసినవాడిని నాకే గుర్తులేదు.

"స్కాన్ చేసి పారెయ్ బాబాయ్" అంటాడు మా అబ్బాయి వరస కుర్రాడొకడు. వాడి పోయినేడాది ఫొటోలు పాత ఫోన్‌తోపాటే పోయాయి. వాడా నాకు చెప్పేది! చిరిగినచోట సెలోటేప్ వేసే మహానుభావులు ఇంకో రకం. ఆ జిగురు కాగితంలోకి ఇంకి పచ్చబడిపోతుంది. ఫొటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా రాయండి.

ఇంకోటి, సంతకం పెట్టేముందు కాగితం చదవండి. వస్తువు ఇవ్వడం వేరు, కాపీరైట్ ఇవ్వడం వేరు. నేను రెండోది నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆ రోల్లో 17 మాత్రం లేదు. ఏదో పోటీకి పంపాలని నేనే కత్తిరించాను. ట్రంకు అడుగున పరిచిన కాగితం ఇంకా ఎత్తి చూడలేదు.