ఎంసెట్ లెక్కల గురించి చిన్నీకి, అత్త నుంచి

చిన్నీ,

ఈసారి హాస్టల్‌కి పోకుండా ఇంట్లోనే కూర్చుని ఎంసెట్‌కి మళ్లీ చదువుతానన్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఈఏపీసెట్ అని పేరు మారినా నా నోటికి ఎంసెట్ అనే వస్తుంది. నీ వయసులో నాకు ఆ మాట అనే ధైర్యం లేదు, అందుకు గర్వంగానే ఉంది, కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

160 ప్రశ్నల్లో 80 లెక్కలవే. మూడు గంటల్లో వాటికి గంటన్నర మించి ఇవ్వకు. ఫస్టియర్ లెక్కల పుస్తకాలు ఎప్పుడో అయిపోయినవి కదా అని పక్కన పడేయకు. పాత పేపర్లు టైమ్ పెట్టుకుని చెయ్యి.

అసలు చెప్పాల్సింది వేరే. 1994లో నేను గుంటూరులో పరీక్ష రాశాను. మీ తాతయ్య తెల్లవారుజామున బస్సులో తీసుకెళ్లి, ఎండలో గేటు బయటే నిలబడ్డారు. లోపల నాకు రెండు వృత్తాల ఉమ్మడి జ్యా పొడవు కనుక్కోమని ఒక లెక్క వచ్చింది. నాకు సర్కిల్స్ అంటే ప్రాణం, క్లాసులో అందరికీ నేనే చెప్పేదాన్ని. రాడికల్ యాక్సిస్ రాశాను, కేంద్రం నుంచి దూరం కట్టాను, వచ్చిన జవాబు నాలుగు ఆప్షన్లలో లేదు. మళ్లీ చేశాను. మళ్లీ లేదు. నాకు రాకపోవడమేంటి అని పంతం. తల ఎత్తేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. చేతులు చెమటలు పట్టి, చివర్లో ఉన్న మ్యాట్రిసెస్ లెక్కలు, నిద్రలో లేపి అడిగినా చెప్పేవి, చదవకుండానే బెల్లు కొట్టేశారు. మైనస్ గుర్తు ఒకటి మొదటి లైన్లోనే తప్పు దించుకున్నానని బస్సులో తెలిసింది.

తాతయ్య ఎలా రాశావమ్మా అంటే బాగా రాశానన్నాను. ఆయన ఆ మాట ఊరంతా చెప్పుకున్నారు. ర్యాంకు వచ్చేదాకా ఆయన ముందు అన్నం తినలేకపోయాను. లెక్క పోయినందుకు కాదే, ఆ అబద్ధానికి ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఇంట్లో ఒక్కదానివే చదువుతావంటే నా భయం అదే. మాక్ టెస్టులో మార్కులు తగ్గితే దాచుకుని కూర్చుంటావు. దాచావంటే నీతో మాట్లాడను! ఉత్తినే అన్నాలే, ఎన్ని వచ్చినా ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

రెండు నిమిషాల్లో దారి కనపడకపోతే వదిలెయ్, నీకు బాగా వచ్చిన చాప్టర్ అయితే ఇంకా తొందరగా వదిలెయ్. n ఉన్న సిరీస్‌లో 1, 2 పెట్టి ఆప్షన్లు చూడు. ట్రిగనామెట్రీలో తీటాకి 45 పెట్టకు, సైనూ కాసూ ఒకటే అయి రెండు ఆప్షన్లు సరిపోతాయి, 30 పెట్టు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి చివరి ఐదు నిమిషాల్లో ఒక్కటీ ఖాళీగా ఉంచకు. ఆప్షన్ నొక్కి ఊరుకోకు, సేవ్ అండ్ నెక్స్ట్ కొట్టు.

ముందు రోజు సాయంత్రానికే మా ఇంటికి వచ్చెయ్. పొద్దున నేనే తీసుకెళ్తాను. వాచీ తేవద్దు, లోపలికి రానివ్వరు, టైమ్ స్క్రీన్ మీదే కనపడుతుంది. నేను మజ్జిగ సీసా పట్టుకుని గేటు బయటే ఉంటాను, ఎలా రాశావని మాత్రం అడగను.

మీ అత్త