అబ్బాయి శాన్‌హోజేలో, ఫ్లాటు ఎంవీపీ కాలనీలో

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో మా అబ్బాయి పేరున ఫ్లాటు ఉంది, అమ్మేద్దామనుకుంటున్నాం. వాడు కాలిఫోర్నియాలో ఉంటాడు, రావడం కుదరదు, నాకు పవర్ (పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున పని జరిపించే అధికార పత్రం) రాసిస్తానంటున్నాడు. అక్కడ మొబైల్ నోటరీ అని ఇంటికే వచ్చి సంతకం చేయించి సీలు వేస్తారట. ఆ కాగితం ఇక్కడ చెల్లుతుందా? ఏమేం సిద్ధం చేసుకోవాలి?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: చెల్లుతుందండీ, కాకపోతే సీలు పడగానే పని అయిపోయిందనుకోకండి. నోటరీ చూసేది సంతకం పెట్టేది ఆ మనిషేనా అన్నంత వరకే. లోపల హద్దులు తారుమారైనా ఆయన పట్టించుకోరు, అడిగినా చెప్పరు, ఎందుకంటే లాయరు కాని నోటరీ న్యాయ సలహా ఇవ్వడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. అందుకని డ్రాఫ్టు ఇక్కడి లాయరు చేతే రాయించి పంపండి, షెడ్యూలు (ఆస్తి వివరాలు, హద్దులు) మాత్రం సేల్ డీడ్‌లో ఉన్నది ఉన్నట్టు దించాలి. అమ్మడం, డబ్బు తీసుకోవడం, రిజిస్ట్రేషన్‌కి హాజరై సంతకం పెట్టడం – ఈ అధికారాలన్నీ విడివిడిగా రాసి ఉండాలి. భాష ఇంగ్లీషే మేలు, తెలుగు కాగితం చేతికిస్తే అది ఏ పత్రమో తేలక ఆ నోటరీ చేయనన్నా అనొచ్చు.

మనవాళ్లకి అసలు తలనొప్పి పేర్లతో. సేల్ డీడ్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, అక్కడి లైసెన్సుకొచ్చేసరికి ముందుది వెనక్కి పోతుంది. పవర్‌లో పాస్‌పోర్టు పేరే వాడి, సేల్ డీడ్‌లో ఫలానాగా ఉన్నది కూడా తానేనని పక్కనే ఒక వాక్యం రాయించండి. ఈ ఒక్క వాక్యం లేకపోతే మళ్లీ మొదటి నుంచీ మొదలే!

నోటరీ వచ్చే రోజుకి ఖాళీలు ఒక్కటీ లేకుండా ప్రింటు తీసి ఉంచమనండి, ఖాళీలుంటే సీలు వేయరు. ముందే సంతకం పెట్టేయకుండా ఆయన ఎదుటే పెట్టమనండి. ఐడీ గడువు దాటనిది, అసలుదే చూపించాలి, ఫోన్లో ఫొటో పనికిరాదు. సాక్షులుగా ఇద్దరు స్నేహితుల్ని మీ అబ్బాయే పిలుచుకోవాలి. పవర్ కాబట్టి నోటరీ తన పుస్తకంలో వాడి కుడి బొటనవేలి ముద్ర కూడా తీసుకుంటారు, అది కాలిఫోర్నియా రూలు, కంగారేం లేదు. ఫీజు సంతకానికి 15 డాలర్లు మించకూడదు, ఇంటికి వచ్చినందుకు అడిగేది మాత్రం వేరే, అది ముందే మాట్లాడుకోవాలి.

తర్వాత ఆ కాగితానికి అపోస్టిల్ (నోటరీ సంతకం, సీలు అసలువేనని వేరే దేశంలో చూపే ధ్రువపత్రం) వేయించాలి. ఆ రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు వేస్తుంది, పోస్టులో పంపితే 20 డాలర్లు. అపోస్టిల్‌ని ఒప్పుకునే దేశాల ఒప్పందంలో మన దేశం 2005 నుంచీ ఉంది. ఇంకో దారి పవర్‌ని శాన్‌ఫ్రాన్సిస్కోలోని మన కాన్సులేట్ ద్వారా ధ్రువీకరణ చేయించుకోవడం. కొనేవాళ్లు లోను తీసుకుంటుంటే వాళ్ల బ్యాంకు ఏది అడుగుతుందో, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఏమంటారో, నోటరీని పిలవకముందే కనుక్కోండి.

కాగితం మీ చేతికొచ్చిన రోజు నుంచి 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఎప్పుడు అందిందో చూపాల్సి వస్తుంది కాబట్టి కొరియర్ కవరు పారేయకండి (మనం చేసే మొదటి పనే అది కదా). అన్నట్టు, అబ్బాయి ఎన్నారై గనక కొనేవాళ్లు మామూలుగా పట్టే 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే డబ్బులోంచి ముందే పట్టి కట్టే ఆదాయపు పన్ను) ఇక్కడ కుదరదు, బేరం ఖాయం కాకముందే ఆడిటర్ని కలవండి.

ప్రశ్న: అమ్మ పడిపోయి మంచం మీదే ఉంది. తన స్థలం అమ్మడానికి నాకు పవర్ రాసిస్తానంటోంది. కోర్టు దగ్గరి నోటరీని ఇంటికి పిలిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: సరిపోదమ్మా. అఫిడవిట్‌కైతే నోటరీ ఇంటికొచ్చి, అమ్మగారి సంతకం తన రిజిస్టర్లో కూడా తీసుకుని సీలు వేస్తే చాలు. ఆవిడ తరఫున మీరు రిజిస్ట్రేషన్‌కి హాజరు కావాలంటే మాత్రం, మన దేశంలో ఉంటున్నవాళ్లు రాసే పవర్ సబ్‌రిజిస్ట్రార్ ఎదుటే జరగాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 33వ సెక్షన్ చెబుతుంది. అలాగని ఆవిణ్ని ఆటోలో కుదిపి తీసుకెళ్లక్కర్లేదు. డాక్టరు సర్టిఫికెట్ పెట్టి దరఖాస్తు చేయండి, ఫీజు కడితే ఆఫీసు వాళ్లే ఇంటికొస్తారు. అమ్మగారు ఏ పూట తెలివిగా, ఓపిగ్గా ఉంటారో చూసి ఆ టైమే అడగండి, ఇష్టపడే రాసిస్తున్నారా అని ఆవిణ్నే అడుగుతారు, అప్పుడు మీరు పక్కనుంచి జవాబు అందించకండి.