ఫొటోలో ఉన్నది మీ అమ్మ

విజయనగరం నుంచి పాతికేళ్ల అబ్బాయి రాశాడు. ఉద్యోగం విశాఖలో. పైడితల్లమ్మ పండక్కి ఇంటికొచ్చి, సిరిమాను ఊరేగింపుకు ముందురోజు, తొలేళ్ల నాడు ఘటంతో వెళ్లిన వాళ్లమ్మకు పూనకం వస్తే ఫొటో తీశాడు. 'మూఢనమ్మకానికి మా ఇల్లే సాక్ష్యం' అంటూ రాత్రికి ఫేస్‌బుక్‌లో పెట్టి, జంతుబలుల మీద కూడా నాలుగు మాటలు రాశాడు. వీధిలో గొడవైంది. కేసు పెడతామని కొందరు బెదిరిస్తున్నారు. పెద్దల ముందు క్షమాపణ చెప్పాల్సిందేనని బావ పట్టుబడుతున్నాడు. 'అభిప్రాయం చెప్పే హక్కు రాజ్యాంగం ఇచ్చింది కదా, నేనెందుకు తగ్గాలి?' అన్నది అతని ప్రశ్న. ఉత్తరం చివర ఒక్క వాక్యం: 'అమ్మ మర్నాడు సిరిమాను చూడటానికి కూడా రాలేదు. నాతో మాత్రం మామూలుగానే ఉంది.'

బాబూ, హక్కు ఉంది. 19వ అధికరణం ఇచ్చింది. ప్రజాశాంతి, మర్యాద, నైతికత వంటి కారణాలతో హద్దులు పెట్టే వీలూ అదే అధికరణంలో ఉంది. వాళ్లు చెబుతున్న కేసు పాత ఐపీసీలోని 295-ఎ సెక్షన్ అయి ఉంటుంది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299. కావాలని, దురుద్దేశంతో మతాన్ని అవమానించిన వాళ్లకోసం ఉన్న సెక్షన్ అది. ఎవరో నొచ్చుకున్నంత మాత్రాన వర్తించదు. నోటీసు వస్తే లాయరుకు చూపించు. దీనిగురించి ఇంతకు మించి చెప్పను. నాకు ఆ చివరి వాక్యం మీదే మనసు ఆగిపోయింది.

పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టుకుని, మూడులాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా సిరిమాను తిరుగుతుంటే మన ఊళ్లో ఇంట్లో కూర్చునే ఆడమనిషి ఉంటుందా? మేడలెక్కి, గోడలెక్కి చూస్తారే! ఆ రోజు మీ అమ్మ గడప దాటలేదు. నలుగురికీ మొహం చూపించలేకపోయింది. అయినా నీకు అన్నం పెట్టింది, మామూలుగా మాట్లాడింది. దాన్ని చూసి ఆవిడకు బాధ లేదనుకున్నావా?

పూనకం వచ్చిన మనిషి చుట్టూ ఏం జరుగుతుందో నీకు తెలియనిది కాదు. జుట్టు విడిపోతుంది, ఒంటి మీద సోయి ఉండదు. చీర జారకుండా పక్కనున్న ఆడవాళ్లు పట్టుకుంటారు, నీళ్లు పోసి కూర్చోబెడతారు. తెలివొచ్చాక ఎవరూ గుచ్చిగుచ్చి అడగరు. నమ్మకం ఉన్నా లేకపోయినా అది సాటిమనిషికి ఇచ్చే మర్యాద. ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు ఆవిడను కాచుకున్నారు, కొడుకువి నువ్వు ఫోన్ తీశావు. నాకు కోపం వచ్చింది అక్కడే.

గురజాడ అప్పారావు గారిది కూడా ఈ ఊరే అని రాశావు. నిజమే, కన్యాశుల్కం 1892లో ఇక్కడే మొదట ఆడారు. ఆ నాటకం నిలదీసింది డబ్బు తీసుకుని పసిపిల్లల్ని ముసలివాళ్లకు కట్టబెట్టే పెద్దమనుషుల్ని. మరి నువ్వు నిలదీసింది ఎవర్ని? నిన్ను తిరిగి ఒక్క మాట అనని మనిషిని.

నేను అమ్మవారికి మొక్కేదాన్నే. అయినా బలుల మీద నువ్వు రాసింది తప్పనను. గుళ్ల దగ్గర బలులు వద్దని 1950 నాటి చట్టమే ఉంది. ఆ మాటలు ఉంచుకో, కావాలంటే ఇంకా గట్టిగా రాయి. అభిప్రాయం నీది. ఆ ఫొటోలో మొహం మాత్రం నీది కాదు. ఫొటోనీ, మీ ఇంటి సాక్ష్యం అన్న ఆ వాక్యాన్నీ ఈ రోజే తీసేయి.

తర్వాత ఇంటికి వెళ్లు, ఫోన్‌లో వద్దు. రాజ్యాంగం గురించి ఎత్తకు. 'నిన్ను అడక్కుండా పెట్టానమ్మా, తప్పు చేశాను' అని చెప్పు. ఏడిస్తే ఏడవనివ్వు. ఆ ఘటం ఏ మొక్కు కోసం ఎత్తుతుందో నీకు తెలిసినట్టు ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. అడుగు. చెబితే మధ్యలో వాదించకుండా విను. చెప్పనంటే ఊరుకో. మళ్లీ గుడికెళ్లమని నువ్వు బతిమాలకు, ఎప్పుడు వెళ్లాలో ఆవిడకు తెలుసు.

బావ అడిగే క్షమాపణకు మాత్రం ఒప్పుకోకు. ఊరి పెద్దల ముందు పంచాయితీ పెడితే మళ్లీ మీ అమ్మ పూనకం గురించే పదిమంది మాట్లాడతారు. 'అమ్మకు చెప్పుకోవాల్సింది చెప్పుకున్నాను, నా అభిప్రాయానికి ఎవరికీ క్షమాపణ చెప్పను' అని మర్యాదగా అను. మీ అప్పతో ముందే మాట్లాడి పెట్టుకో, ఆవిడ చెబితే బావ వింటాడు.

అమ్మకు క్షమాపణ చెప్పిన సంగతి ఫేస్‌బుక్‌లో రాయకు.