డిమెన్షియా జెనెటిక్ స్కోర్‌ని తెలుగువాళ్లు ఎలా చదువుకోవాలి?

అమ్మగారికి 78 ఏళ్ల వయసులో అల్జీమర్స్ అని తేలింది, అమెరికాలో చేయించుకున్న మీ డీఎన్‌ఏ ఫైల్‌ని ఒక సైట్‌లో ఎక్కిస్తే "రిస్క్‌లో పై 8 శాతం" అని వచ్చింది, నమ్మొచ్చా అని అడిగారు. ఆ 8 శాతాన్ని కాసేపు పక్కన పెట్టండి. ముందు అపోఈ (APOE) జన్యువు సంగతి చూడండి. దీనికి ఇ2, ఇ3, ఇ4 అని మూడు రూపాలు, ఒక్కొక్కరికి అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. అల్జీమర్స్ రిస్క్ పెంచేది ఇ4. దాని ప్రభావమే అన్నిటికన్నా పెద్దది, పైగా మీరే చూసుకోవచ్చు.

ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి rs429358, rs7412 అనే లైన్లు వెతకండి. ఇవి ఆ జన్యువులోని రెండు చోట్ల పేర్లు, పక్కనే మీ రెండు డీఎన్‌ఏ అక్షరాలుంటాయి. మొదటిది టీటీ, రెండోది సీసీ అయితే ఇ3/ఇ3, ఎక్కువమందికి ఉండేది ఇదే. మొదటిది సీటీ, రెండోది సీసీ అయితే ఇ3/ఇ4. రెండూ సీసీ అయితే ఇ4/ఇ4. రెండూ సీటీ అయితే దాదాపు ఎప్పుడూ ఇ2/ఇ4. ఏ, జీ అక్షరాలు కనిపిస్తే ఫైల్ డీఎన్‌ఏ అవతలి పోగు నుంచి రాశారన్నమాట: ఏ బదులు టీ, జీ బదులు సీ అని చదువుకోండి. అక్షరాల చోట గీతలుంటే చిప్ (ఎంచుకున్న చోట్ల మాత్రమే డీఎన్‌ఏని చదివే ల్యాబ్ పరికరం) చదవలేకపోయింది. అక్కడ జీ, సీలు మరీ దట్టంగా ఉంటాయి కాబట్టి ఇలా జరుగుతుంటుంది. సైట్ అంచనా వేసి నింపిన అక్షరాన్ని నమ్మకుండా ల్యాబ్‌లో అపోఈ ఒక్కటే మళ్లీ చేయించండి.

ఇ4 వచ్చినా ఏ దేశపు అంకెనీ అలాగే తెచ్చి మనకి అతికించకూడదు. 1997 నాటి పెద్ద విశ్లేషణలో, ఇ3/ఇ3తో పోలిస్తే ఇ4/ఇ4 ఉన్నవాళ్లకి అల్జీమర్స్ ఆడ్స్ (జబ్బు వచ్చే, రాని అవకాశాల నిష్పత్తి) జపనీయుల్లో సుమారు 33 రెట్లు, తెల్లవాళ్లలో 15 రెట్లు, ఆఫ్రికన్ అమెరికన్లలో 6 రెట్ల లోపు. అపోఈ చుట్టూ ఉన్న డీఎన్‌ఏ ముక్క ఆఫ్రికా పూర్వీకుల నుంచి వస్తే ఇ4 ప్రభావం తగ్గుతుందని తర్వాత తేలింది.

ఇక ఆ స్కోర్. వందలాది చిన్న చిన్న తేడాలకి మార్కులేసి కూడితే వచ్చేది అది. ఆ మార్కులు ఎక్కువగా యూరప్ సంతతివాళ్ల డేటా నుంచి వచ్చినవి. 75 జన్యు స్థానాలు చూపిన 2022 నాటి అధ్యయనం కూడా అలాంటిదే. చిక్కులు రెండు. ఒకటి, ఆ తేడాలు మనలో ఎంతమందికి ఉంటాయన్నదే వేరు కాబట్టి, జబ్బుతో సంబంధం లేకుండానే తెలుగువాళ్ల సగటు స్కోర్ మొత్తంగా పైకో కిందకో జరుగుతుంది. యూరప్ వరుసలో నిలబెడితే మీ 8 శాతం అర్థం లేని అంకె. దీన్ని సరిదిద్దొచ్చు: 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో యూకేలో ఉండే 102 మంది తెలుగువాళ్ల డీఎన్‌ఏ ఐటీయూ పేరుతో అందరికీ అందుబాటులో ఉంది. మిమ్మల్ని ఎవరితో పోల్చారో సైట్‌ని అడగండి, ఐటీయూతో పోల్చగలిగితే అదే చేయమనండి.

రెండోది మొండిది. చిప్ చదివేది చాలావరకు అసలు కారణమైన మార్పుని కాదు, దాని పక్కింటి గుర్తుని. యూరప్‌లో ఆ రెండూ జంటగా వస్తాయి, మనలో విడిపోయి ఉండొచ్చు. అప్పుడు మార్కు తప్పు చోట పడుతుంది, పోలిక మార్చినా బాగుపడదు. దీనికి మందు జ్ఞాపకశక్తి పరీక్షలు చేసిన భారతీయుల జీనోములే. భారత్‌లో 60 దాటినవాళ్ల డిమెన్షియాపై నడుస్తున్న లాసీ-డాడ్ (LASI-DAD) అధ్యయనంలో 2,700 మందికి పైగా జీనోములు చదివారు, ఆ సంఖ్య ఇంకా చాలా పెరగాలి. స్కోర్‌లో అపోఈ కలిసే ఉందా అని కూడా అడగండి. ఉంటే ఇ4ని మీరు మళ్లీ విడిగా కలపొద్దు, ఒకే రిస్క్ రెండుసార్లు లెక్కకొస్తుంది.

ఇంట్లో ఎవరికైనా అల్జీమర్స్ 65 లోపే మొదలైతే దారి వేరు: చిన్న వయసులో వచ్చే అల్జీమర్స్‌కి కారణమయ్యే పీసెన్1 (PSEN1), పీసెన్2 (PSEN2), ఏపీపీ (APP) జన్యువుల సీక్వెన్సింగ్ (అక్షరం అక్షరం చదవడం) కోసం జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవాలి, చిప్ ఫైల్‌లో ఏమీ కనపడకపోతే లేదని కాదు. అమ్మగారికి లెకానెమాబ్ లాంటి అల్జీమర్స్ మందు ఆలోచిస్తుంటే ఆవిడ అపోఈ ముందుగా తెలియాలి. ఇ4/ఇ4 ఉన్నవాళ్లకి ఆ మందుతో మెదడులో వాపు, రక్తస్రావం ఎక్కువ. మీ ఫైల్ చూసి ఆవిడకి ఏముందో తేల్చేయకండి, మీలో ఒక్క ఇ4 ఉంటే అది నాన్నగారి నుంచి కూడా వచ్చి ఉండొచ్చు.