తుపాను దారి, శాస్త్రం సందేహం

ప్రశ్న: తుపాను ‘ఫలానా ఊళ్ల మధ్య’ తీరం దాటవచ్చునని మాత్రమే వాతావరణ శాఖ చెబుతుంది. ఇంత సందిగ్ధంగా చెప్పేది శాస్త్రమెలా అవుతుంది?
— ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: ఆ సందిగ్ధానికీ లెక్క ఉందండీ. పటంలో తుపాను దారి వెంట ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే శంకువును, గతంలో వేసిన అంచనాలు సగటున ఎన్ని కిలోమీటర్లు తప్పాయో చూసి గీస్తారు. గడువు దగ్గరపడేకొద్దీ అది సన్నబడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన నగరం వద్దే తీరం దాటినప్పుడు, అలాంటి ముందస్తు అంచనాల ఆధారంగానే జనాన్ని తరలించారు. (ఐదు రోజుల ముందే వీధి పేరుతో సహా చెప్పేవారిని మాత్రం నమ్మకండి.) దారికంటే బలాన్ని అంచనా వేయడమే కష్టం: సముద్రపు వేడి, పైగాలులకూ కింది గాలులకూ మధ్య తేడా కారణాలని తెలిసినా, కొన్ని తుపానులు ఒక్క రోజులోనే ఎందుకు అంతగా విజృంభిస్తాయన్నది ఇంకా పూర్తిగా తేలలేదు.