అమెరికాలో సిటీ బస్సుల కోసం ఏ ట్రిప్ ప్లానర్‌ను నమ్మాలి?

ప్రశ్న: ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి అమెరికాలోని ఒక చిన్న యూనివర్సిటీ ఊరికి వెళుతున్నాను. కారు ఉండదు. బస్సుల కోసం ఆ ఊరి రవాణా సంస్థ వెబ్‌సైట్‌లోని ట్రిప్ ప్లానర్ వాడాలా, ఫోన్‌లోని మ్యాప్ యాప్ సరిపోతుందా?

ఏది వాడినా ఒకటేనని మీకు చాలామంది చెబుతారు. ఒక విధంగా అది నిజమే, ఎందుకంటే రెండూ సాధారణంగా ఒకే టైంటేబుల్ ఫైళ్లను చదివి జవాబు చెబుతాయి. ఆ ఫైళ్లను ఎవరు, ఎంత శ్రద్ధగా తయారుచేశారన్న దానిమీదే అంతా ఆధారపడి ఉంటుంది. తొమ్మిది కిలోల సోనా మసూరి సంచిని భుజాన మోసిన రోజున నాకు ఈ సంగతి తెలిసివచ్చింది.

2014 ఆగస్టులో నేను మిడ్‌వెస్ట్‌లోని ఒక యూనివర్సిటీ ఊళ్లో దిగాను. ఊరి పేరు ఇక్కడ అనవసరం. సెప్టెంబరు 1, సోమవారం, కాలేజీకి సెలవు. పక్క ఊరికి వెళుతున్న ఒక సీనియర్ నన్నూ నా రూమ్మేటునూ ఊరి చివర హైవే పక్కన ఉన్న ఇండియన్ స్టోరు దగ్గర దించి వెళ్లిపోయాడు. తిరుగు ప్రయాణానికి సాయంత్రం 5:42కు ఎదురుగానే బస్సు ఉందని, ఒక్కచోట మారితే ముప్పై ఎనిమిది నిమిషాల్లో ఇంటికి చేరవచ్చని ఫోన్‌లోని యాప్ చెప్పింది. నిమిషాలతో సహా చెప్పిన మాటను అనుమానించాలని మాకు తోచలేదు. బియ్యం, కందిపప్పు, రెండు కట్టల కరివేపాకు, గడ్డకట్టిన పరోటాలు కొనుక్కుని ఐదున్నరకే వచ్చి బస్‌స్టాపు స్తంభం పక్కన నిలబడ్డాము.

5:42 అయింది, 5:50 అయింది. కాసేపటికి తెరమీద ఆ వరుస మాయమై దాని స్థానంలో 6:42 బస్సు ప్రత్యక్షమైంది. అంటే యాప్ లెక్క ప్రకారం బస్సు వచ్చింది, ఆగింది, మమ్మల్ని ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది. ఏడు గంటలకు 6:42 బస్సు కూడా అదే విధంగా వచ్చి వెళ్లిపోయిన తరువాత, స్తంభం మీద స్టాపు నంబరు కింద ఉన్న ఫోన్ నంబరుకు కాల్ చేశాను. లేబర్ డే సందర్భంగా ఈ రోజు బస్సులు నడవవని రికార్డు చేసిన గొంతు ఎంతో మర్యాదగా చెప్పింది. ఇల్లు నాలుగు మైళ్లు. ఫుట్‌పాత్ లేని రోడ్డు అంచున, పక్కనుంచి ట్రక్కులు దూసుకుపోతుంటే, బియ్యం సంచిని వంతులవారీగా భుజాలు మార్చుకుంటూ నడిచాము. పరోటాలు దారిలోనే కరిగి ముద్దయ్యాయి.

మరునాడు ఫిర్యాదు చేయడానికి ఆ రవాణా సంస్థ కార్యాలయానికి వెళ్లాను. అక్కడ టైంటేబుళ్లు రాయడం, స్టాపుల బోర్డులు మార్పించడం, ఈ ఫైళ్లు తయారుచేయడం అన్నీ ఒకే ఒక్క ఉద్యోగిని చేతిమీద నడుస్తున్నాయి. పోట్లాడదామని వెళ్లినవాడిని ఆవిడ తన కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చూపించేసరికి మెత్తబడిపోయాను. వారంలో ఏ రోజున ఏ సర్వీసు నడుస్తుందో ఒక ఫైలులో ఉంటుంది: సోమవారం ఎదురుగా 1 ఉంటే నడుస్తుంది, 0 ఉంటే నడవదు. సెలవుల వంటి మినహాయింపులు మరొక ఫైలులో తేదీల వారీగా ఉంటాయి. అక్కడ సర్వీసు పేరు పక్కన 20140901 అని తేదీ, దాని పక్కన 2 అనే అంకె ఉండవలసింది. 2 అంటే ఆ రోజు ఆ సర్వీసు రద్దు, 1 అంటే అదనంగా చేర్చినది. అచ్చు పుస్తకంలో సెలవును వేసిన ఆవిడ ఫైలులో ఆ ఒక్క వరుసను మరిచిపోయింది. ఆ ఒక్క వరుస లేకపోవడం వల్ల, ఆ ఫైళ్లను చదివే యాప్‌లన్నీ ఊరంతటికీ ఒకే అబద్ధాన్ని ఒకే నమ్మకంతో చెప్పాయి.

ఈ ఫైళ్ల పద్ధతి పుట్టింది ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో. అక్కడి రవాణా సంస్థ ట్రైమెట్‌లో పనిచేసే బిబియానా మెక్‌హ్యూ, కొత్త ఊళ్లో కారుకు దారి దొరికినంత సులువుగా బస్సుకు దారి ఎందుకు దొరకదని ఆలోచించి గూగుల్‌ను సంప్రదించారు. 2005 డిసెంబరులో గూగుల్ ట్రాన్సిట్ ఆ ఒక్క నగరంతోనే మొదలైంది. అందుకోసం రూపొందించిన ఫైళ్ల నమూనా పేరు జీటీఎఫ్ఎస్, అంటే గూగుల్ ట్రాన్సిట్ ఫీడ్ స్పెసిఫికేషన్. అందులో మొదటి జీ అక్షరం గూగుల్‌ది. ఇతరులు కూడా వాడటం మొదలుపెట్టాక దానిని జనరల్ అని మార్చారు. చూస్తే అది మామూలు టెక్స్ట్ ఫైళ్ల జిప్ మూట మాత్రమే. అంత సాదాగా ఉండటం వల్లనే నలుగురు ఉద్యోగులున్న చిన్న సంస్థ కూడా దానిని తయారుచేసుకోగలుగుతుంది, అందువల్లనే ఒక్క మనిషి మతిమరుపు అందులో అంత తేలికగా చొరబడుతుంది.

అందులో నాకు ఎంతో నచ్చిన ఏర్పాటు ఒకటుంది. శుక్రవారం రాత్రి పన్నెండు దాటాక 12:50కి బయలుదేరే ఆఖరి బస్సును ఆ ఫైళ్లలో శనివారం కింద రాయరు, శుక్రవారం కిందనే 24:50 అని రాస్తారు. మన పంచాంగంలో సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం దాకా ఒకే రోజుగా లెక్కిస్తారు కదా, ఇదీ ఇంచుమించు అటువంటిదే. అర్ధరాత్రి దాటిందని మా అమ్మ ఏనాడూ రేపు అనలేదు. తెల్లవారితేనే ఆవిడకు రేపు. ఇది తెలియక ఇబ్బంది పడేవారిని చూశాను: థాంక్స్‌గివింగ్ గురువారం బస్సులు లేవంటే, ఆ రాత్రి పన్నెండు దాటాక రావలసిన బస్సు కూడా ఉండదు, గడియారం అప్పటికి శుక్రవారమని చూపిస్తున్నా సరే.

నిమిషాల సంగతి కూడా చెబుతాను. డ్రైవరు ఆగి సమయం సరిచూసుకునే స్టాపులు ఒక రూటులో కొన్నే ఉంటాయి, వాటిని టైంపాయింట్లు అంటారు. వాటి మధ్య ఉన్న స్టాపులకు మీకు కనిపించే సమయం చాలాచోట్ల దూరాన్ని బట్టి వేసిన అంచనా మాత్రమే. 5:42 అని అంత కచ్చితంగా కనిపించేది ఎవరూ హామీ ఇచ్చిన సమయం కాదు. బస్సు 5:39కే దాటిపోయినా డ్రైవరు తప్పు ఉండకపోవచ్చు. స్టాపుకు ఐదు నిమిషాలు ముందు వెళ్లమని పెద్దలు చెప్పేది అందుకే. అలాగే తెరమీద కనిపించే సమయం బస్సులోని జీపీఎస్ నుంచి వచ్చినదా, కేవలం టైంటేబుల్‌లోనిదా అన్నది తప్పక చూసుకోండి. ఆ రోజు నేను చూసింది రెండవ రకమని నాకు తెలియదు.

హైదరాబాదులో చదివినన్నాళ్లూ నాకు ఇటువంటి చింతే లేదు. కోఠిలో నిలబడి కొండాపూర్ వెళ్లే 127కే ఎప్పుడొస్తుందని అడిగితే ముగ్గురు మూడు జవాబులు చెప్పేవారు, కానీ ఈ రోజు బస్సు అసలు ఉందా లేదా అన్న విషయంలో ముగ్గురిదీ ఒకే మాట. అమెరికాలో చిన్న ఊరి స్టాపులో అడగడానికి మనిషే ఉండడు.

కాబట్టి నా సలహా, ఇందులో నాకు ఎటువంటి సందేహమూ లేదు, మొదట సంస్థ వెబ్‌సైట్‌నే తెరవండి. అక్కడి ప్లానర్ గొప్పదని కాదు. ఆ సోమవారం మేము దానిని అడిగి ఉంటే అదీ 5:42 అనే చెప్పేది, కానీ అదే పేజీ నెత్తిన ఎర్రని పట్టీలో సెలవు ప్రకటన ఉండేది. దారి మళ్లింపులు, ఎత్తివేసిన స్టాపులు కూడా ముందుగా కనిపించేది అక్కడే. ప్రతి స్టాపుకూ ఉండే నంబరును ఫోటో తీసి ఉంచుకోండి. వెళ్లే బస్సు కన్నా ముందు తిరిగివచ్చే ఆఖరి బస్సును వెతకండి. స్టాపు నుంచి తొమ్మిది నిమిషాల నడక అని ప్లానర్ చెబితే, ఆ దారిలో ఫుట్‌పాత్ ఉందో లేదో వీధి ఫోటోల్లో చూసుకోండి, ఎందుకంటే మ్యాప్‌లో రోడ్డు ఉంటే చాలు, మనిషి దానిమీద నడవగలడని చాలా ప్లానర్లు అనుకుంటాయి.

ఇక మీరు ఆగస్టులో వెళుతున్నానన్నారు. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే వస్తుంది. బియ్యం శనివారమే తెచ్చుకోండి.